సగటు చెవి

మా కాలనీ క్లబ్‌హౌస్ హోమ్ థియేటర్‌లో ఎడమవైపు స్పీకరు వణుకుతోందని మొదట కనిపెట్టినవారు కనకవల్లి గారు. ఆవిడకు చూపు లేదు. చూపున్న మేం నూట పదిమందిమి ఆరు నెలలుగా అదే గదిలో కూర్చుంటూ, ఆ గరగర సినిమాలో భాగమే అనుకున్నాం.

మాది విశ్రాంత అధికారుల కాలనీ. విశాఖపట్నంలో మధురవాడ దాటాక, కొండ దిగువన అరవై రెండు ఇళ్లు. ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు ఏదో ఒక కార్యాలయాన్ని నడిపిన మనిషి ఉన్నారు. నడపడానికి ఇప్పుడు కార్యాలయాలు లేవు కనుక అందరం కలిసి సంఘాన్ని నడుపుతాం. అధ్యక్షులు మండా దక్షిణామూర్తి గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా చేశారు. కార్యదర్శి గేదెల జనార్దనం గారు తహసీల్దారుగా దిగిపోయారు. ఆడిటరు కొచ్చెర్ల అనంతశయనం గారు ముప్పై నాలుగేళ్లు ఇతరుల ఫైళ్లలో తప్పులు పట్టారు. నేను ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేశాను. సంఘానికి సంయుక్త కార్యదర్శిని, అంటే మినిట్స్ రాసేవాణ్ణి.

కనకవల్లి గారు రేడియోలో అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు డెబ్భై ఒకటో ఏడు. నీటికాసుల జబ్బుతో అయిదేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి చేతికర్రతో అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, మెట్లెక్కి, హోమ్ థియేటర్ మొదటి వరసలో మధ్య సోఫాలో కూర్చునేవారు. శనివారాలు సినిమాలుండవు, పాత కచేరీల రికార్డింగులు పెడతాం.

"ఇంట్లో ఫోనులో కూడా వినొచ్చు కదండీ?" అని ఒకసారి అడిగాను.

"ఫోనులో అందరూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పాడుతున్నట్టుంటుందండీ. ఇక్కడైతే పాడే ఆవిడ మధ్యలో, వయొలిన్ ఆయన కుడి పక్క, మృదంగం ఆయన ఎడం పక్క. ఎవరి చోట వాళ్లు కనిపిస్తారు నాకు. వారం మొత్తంలో నేను మనుషుల్ని చూసేది ఈ రెండు గంటలే."

ఆగస్టులో ఒక శనివారం ఆవిడ కచేరీ మధ్యలో చెయ్యెత్తారు.

"మృదంగం ఆయన పక్కన ఎవరో గొంతు గరగరలాడిస్తున్నారు. ఆయన కూడా తన చోట లేడు. గోడలోకి జరిగిపోయాడు."

మైకుసెట్లు, హోమ్ థియేటర్లు బాగుచేసే సన్నిబాబును పిలిపించాం. పెందుర్తిలో దుకాణం, నలభై అయిదేళ్ల మనిషి, మాటకంటే ముందు చెయ్యి కదులుతుంది. మా స్పీకర్లు నడుం దాటే ఎత్తున్న నల్లటి పెట్టెలు, నేల మీదే నిలబెట్టేవి. ఒక్కోదానికి మేకుల్లాంటి కాళ్లు నాలుగు, మరలతో పైకీ కిందకీ తిరుగుతాయి. సన్నిబాబు ఎడమ స్పీకరు నెత్తిన అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. అది ఊగింది.

"నేల వాటంగా ఉందండి. ఈ గది ముందల వంటగదికని కట్టినట్టున్నారు, నీళ్లు తూముకెళ్లడానికి వాటమిచ్చేరు. నాలుగు కాళ్లల్లో మూడే నేలకి ఆనేయి. ఈ ఎనకాల కాలు నాలుగు సుట్లు తిప్పితే సరిపోతాది. పది నిమిసాల పని."

స్పానరు తీసి గొంతుక్కూర్చున్నాడు. అప్పుడే జనార్దనం గారు లోపలికి వచ్చారు.

"ఆగు. ఎవరి ఉత్తర్వుల మీద తిప్పుతున్నావు?"

"ఉత్తరువేటండి? బోల్టండి ఇది."

"బోల్టే. కానీ సంఘం ఆస్తి. ఎంత తిప్పావు ఇప్పటిదాకా?"

"అర సుట్టండి."

"ఆ అర చుట్టూ వెనక్కి తిప్పు. సంఘం నిర్ణయం వెలువడేవరకు యథాస్థితి."

సన్నిబాబు మా మొహాలకేసి ఒకసారి చూసి, అర చుట్టు వెనక్కి తిప్పాడు. స్పీకరు మళ్లీ ఊగసాగింది. యథాస్థితి పునరుద్ధరించిన సమయం నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలని నేను రాసుకున్నాను.

గురువారం కార్యవర్గం సమావేశమైంది. కనకవల్లి గారిని ఫిర్యాదుదారు హోదాలో పిలిచాం.

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తుడుచుకుంటూ మొదలుపెట్టారు. "లెవెల్ అని తేలిగ్గా అనేస్తారు. దేనితో లెవెలు? సముద్ర మట్టాన్ని ఆధారం చేసుకోకుండా లెవెలనే మాట వాడటం సాంకేతికంగా బాధ్యతారాహిత్యం. అదీగాక, స్పీకరుతో వచ్చిన పుస్తకం చదివాను. సన్నటి ధ్వనులు వచ్చే భాగాన్ని ట్వీటరంటారు. ట్వీటరు శ్రోత చెవి ఎత్తులో ఉండవలెనని స్పష్టంగా రాసి ఉంది. ఇప్పుడు లెవెలు చేసి, రేపు ఎత్తితే, మళ్లీ లెవెలు చెయ్యాలి. ఒకే పని రెండుసార్లు. కనుక ముందు ఎత్తు తేలాలి."

"శ్రోత అని ఏకవచనంలో ఉంది," అన్నారు అనంతశయనం గారు. "ఎవరా శ్రోత?"

ఇంతమంది అనుభవజ్ఞులకు తట్టని ప్రశ్న అది.

"ఎవరి చెవైనా పర్వాలేదండీ," అన్నారు కనకవల్లి గారు. "ఆ కాలు నాలుగు చుట్లు తిప్పితే చాలట. అబ్బాయి చెప్పాడు."

"అమ్మా, ఫలానా వారి చెవికి అనుకూలంగా సంఘం ఆస్తిని అమర్చారని రేపు ఎవరైనా అంటే?" అన్నారు జనార్దనం గారు. "పక్షపాతం కింద వస్తుంది. సభ్యులందరి చెవులూ సమానమే."

"అయితే సగటు తీద్దాం," అన్నారు అధ్యక్షులు.

ఆ మాట అందరికీ నచ్చింది. సగటు ఎవరిదీ కాదు కనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేరు. 'శబ్ద సమతల ఉపసంఘం' ఆ నిమిషంలోనే ఏర్పడింది.

చెవుల సర్వే క్లబ్‌హౌస్ వరండాలో మూడు రోజులు జరిగింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నేల నుంచి చెవి రంధ్రం దాకా టేపుతో కొలిచాం. చూడ్డానికి తేలికైన పనే. కానీ మొదటి గంటలోనే విధానపరమైన చిక్కులు వచ్చాయి. చాలామందికి కుడి చెవి, ఎడమ చెవి ఒకే ఎత్తులో లేవు. ముందు మనిషి సగటు తీసి, తర్వాత కాలనీ సగటు తియ్యాలని అనంతశయనం గారు తీర్పిచ్చారు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారి విషయంలో యంత్రం చెవికి అంతర్భాగమా, అనుబంధమా అన్నదాని మీద ఒక పూట గడిచింది. పోలీసు శాఖలో డీఎస్పీగా చేసిన నరహరి గారు ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఆయన కూర్చోగానే సగటు పెరుగుతోందని పొట్టివాళ్లు గొణిగారు. రెండో రోజు మరో సంగతి బయటపడింది. పొద్దున్న కొలిచిన చెవి, మధ్యాహ్నం భోంచేసి వచ్చి కూర్చుంటే అరంగుళం కిందకి దిగుతోంది. మధ్యాహ్నం తర్వాతి కొలతలకు 'భోజనానంతర తగ్గుదల'గా అరంగుళం లెక్కలోకి తీసుకోవాలని తీర్మానించాం. ఎప్పుడు తీసుకోవాలన్నది రాశాం, కూడాలా తీసెయ్యాలా అన్నది రాయడం మరిచాం. మధ్యాహ్నం కొలిచిన వాళ్లందరికీ అరంగుళం తీసేశాం.

సగటు చెవి ఎత్తు నలభై ఆరంగుళాలని తేలింది. స్పీకర్ల ట్వీటరు ఎత్తు ముప్పై ఆరు. అంటే స్పీకర్లను పదంగుళాలు ఎత్తాలి.

ఈ మాట విని సన్నిబాబు నెత్తి గోక్కున్నాడు.

"అయ్యగోరూ, మీరు ప్లాస్టిక్ కుర్సీలో కొలిసేరు. లోపల సోఫాలు కదండీ, కూకుంటే దిగిపోతారు. ఆ పెట్టెలు నేల మీద నిలబెట్టడానికే సేసినవి, ఎత్తైతే దరువు పోతాదండి."

"సర్వే స్థలం, తేదీ, కుర్చీ రకం అన్నీ ప్రకటించేశాం," అన్నారు జనార్దనం గారు. "సర్వే మీద అప్పీలుకు గడువు నిన్నటితో ముగిసింది."

సిమెంటు దిమ్మెలు రెండు పోశారు. దక్షిణామూర్తి గారు తమ శాఖలో కాలవల పనికి వాడే లెవెలింగ్ పరికరాన్ని, మూడు కాళ్ల స్టాండుతో సహా, ఎవరో పాత శిష్యుడి దగ్గర నుంచి తెప్పించారు. దాన్ని గది మధ్యలో నిలబెట్టి, ఒక కన్ను మూసి, రెండు రోజులు చూశారు. రెండు దిమ్మెల పైభాగాలూ సముద్ర మట్టానికి ఇరవై ఏడు మీటర్ల నలభై సెంటీమీటర్ల ఎత్తున, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయని ధ్రువపత్రం రాశారు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాం. అంత సమతలమైన స్పీకర్లు ఈ జిల్లాలో ఉండవని నాకిప్పటికీ నమ్మకం.

ఆ శనివారం కనకవల్లి గారు పావుగంట విన్నారు.

"గరగర పోయిందండీ," అన్నారు. "మనుషులూ పోయారు. అందరూ అటక మీదెక్కి అక్కణ్ణుంచి పాడుతున్నారు. మృదంగం రేకు డబ్బాలా మోగుతోంది."

"అటక కాదమ్మా, ప్రమాణ స్థాయి," అన్నారు దక్షిణామూర్తి గారు నొచ్చుకుంటూ. "ధ్వని సరిగ్గా నలభై ఆరంగుళాల ఎత్తులో వెళ్తోంది. మీరే దానికి కింద కూర్చున్నారు."

ఆ మాటలోనే తర్వాతి చర్య ఇమిడి ఉంది. స్పీకర్లు ప్రమాణానికి వచ్చాయి. రానివి చెవులు. వారం తిరిగేలోగా 'శ్రోతల స్థాయీకరణ నిబంధనలు' పదకొండు తయారయ్యాయి. డ్రాఫ్టు నాదే. పొట్టివారి సోఫా మీద చెక్కపలకలు పేర్చాలి. పొడుగువారు దిండు తీసేసి కూర్చోవాలి, అప్పటికీ మించితే చాప మీద. ఎనిమిదో నిబంధన అనంతశయనం గారి పట్టుదల మీద చేర్చాం. ప్రతి నెలా ఆఖరి రోజు సాయంత్రం అయిదు గంటలకు, ఆ నెల హాజరు రిజిస్టరులో సంతకం చేసిన శ్రోతల చెవి ఎత్తును హాలులో, పలకలు లేకుండా సహజంగా ఆసీనులైన స్థితిలో కొలిచి, సగటును సవరించాలి. సవరించిన సగటుకు స్పీకర్లను మార్చాలి.

"పలకలతో కొలిస్తే అందరూ ఎప్పుడూ నలభై ఆరే వస్తారు," అని ఆయన వివరించారు. "జవాబు ముందే తెలిసిపోయే లెక్కను ఆడిట్ ఒప్పుకోదు."

నవంబరు మొదటి శనివారం నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ వేళ వచ్చినవారిని కొత్త నెల రిజిస్టరులో సంతకానికి ముందే స్థాయీకరణకు నిలబెట్టాం. జనార్దనం గారు నలభై ఆరంగుళాల దగ్గర ఎర్రగీత ఉన్న కర్ర పట్టుకుని సోఫాల మధ్య తిరిగారు. నరహరి గారిని చాప మీదకి దిగమన్నారు.

"సర్వీసులో మంత్రిగారి ముందు కూడా నేల మీద కూర్చోలేదు నేను," అని ఆయన లేచి వెళ్లిపోయారు.

కనకవల్లి గారి దగ్గర కర్ర ఆగింది. ఆవిడ పొట్టి మనిషి, సోఫా మెత్తన. పదంగుళాల పలకలు పేర్చి, జనార్దనం గారూ నేనూ చెరో చెయ్యీ పట్టుకుని ఆవిడను పైన కూర్చోబెట్టాం.

"ఇప్పుడు మీరు ప్రమాణంలో ఉన్నారమ్మా," అన్నారు జనార్దనం గారు.

"కాళ్లు నేలకి అందట్లేదండీ."

"కాళ్లు ఉపసంఘం పరిధిలో లేవు."

ఆవిడ చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, సోఫా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. మిగతావాళ్లను కొలవడం పూర్తయ్యేలోపే కచేరీ మొదటి భాగం అయిపోయింది. మంచినీళ్లకు లేద్దామని ఆవిడ ఎప్పటిలాగే ముందుకు వంగి కాలు పెట్టారు. కాలు పెట్టిన చోట నేల లేదు.

పడ్డ చప్పుడు పెద్దగా లేదు. యంత్రం దగ్గరున్న సన్నిబాబు రెండు సోఫాలు దాటి దూకి వచ్చాడు. ఆవిడ కుడి మణికట్టు అప్పటికే వాచిపోయింది. "ఏం లేదు నాయనా, ఏం లేదు," అంటూనే ఆవిడ ఎడం చేత్తో అతని భుజం వెతుక్కున్నారు. అతను సామాన్లు తెచ్చిన వ్యానులోనే ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఎముక విరిగింది.

ఆ సాయంత్రమే కార్యవర్గం అత్యవసరంగా కూర్చుంది. సంఘటనకు సంఘం బాధ్యత ఉన్నట్టు ఎక్కడా ధ్వనించకూడదని జనార్దనం గారు సూచించారు. నేను మెమో రాశాను. బాగా వచ్చిందని అందరూ అన్నారు.

ఆ తర్వాత హోమ్ థియేటర్‌కు ఎవరూ రాలేదు. ఇళ్లలో తలుపులు వేసుకుని టీవీలు పెట్టుకున్నారు. కార్యవర్గం మటుకు ప్రతి శనివారం వచ్చి, దిమ్మెలు చెక్కుచెదరలేదని చూసుకుని వెళ్లేది. మేం పర్యవేక్షకులం కనుక శ్రోతల రిజిస్టరులో సంతకం పెట్టకూడదు. నవంబరు పేజీ తెల్లగా ఉండిపోయింది.

ఇరవై ఎనిమిదో తారీఖున అనంతశయనం గారు ముందుచూపుతో ఆ పేజీని సమావేశం ముందుంచారు.

"శ్రోతలు లేరు. చెవుల మొత్తం ఎత్తు సున్నా. కనుక సగటు సున్నా."

"సున్నాను సున్నాతో భాగించవచ్చునాండీ?" అని నేను సందేహం వెలిబుచ్చాను.

"బళ్లో కుదరకపోవచ్చు. ఆడిట్‌లో నిల్ అంటే నిల్."

దక్షిణామూర్తి గారు అప్పటికే కాగితం మీద గీతలు గీస్తున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన ముఖంలో ఒక కళ చూశాను. "అంటే ట్వీటరు నేల మట్టానికి రావాలి. ముప్పై ఆరంగుళాల లోతు కావాలి. మన గది మొదటి అంతస్తు, శ్లాబు మందం అయిదంగుళాలే. రెండు చోట్ల శ్లాబు కోసేస్తే పెట్టెలు కింది గదిలోకి దిగుతాయి. కింద ఇనుప తొట్టెలు వేలాడదీసి వాటిలో నిలబెట్టొచ్చు. అసాధ్యమేం కాదు."

"కింది గదిలో ఆడవాళ్లు యోగా చేస్తారు," అన్నాను.

"వంగేవాళ్లకి అడ్డం రాదు."

ఒకటో తారీఖు పొద్దున్న శ్లాబు కోసే యంత్రంతో రమ్మని సన్నిబాబుకు కబురు వెళ్లింది.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం నేను కనకవల్లి గారింటికి వెళ్లాను. మెమో ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. మూడు వారాలుగా నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. పనుల ఒత్తిడి అని నాకు నేను చెప్పుకున్నాను. తలుపు తీసింది సన్నిబాబు. ఆవిడ యోగక్షేమం అడగడానికి వచ్చాడట. నన్ను చూడగానే గట్టిగానే మాట్లాడాడు.

"మీరైనా సెప్పండి బాబూ. బీము పక్కనే కొయ్యమంటన్నారు. అక్కడ కోసేత్తే గది నిలబడదండి. నాను కొయ్యనంటే ఇంకొకణ్ణి తెస్తామంటన్నారు. ఆడొచ్చి కోసేత్తాడు. కింద ఆడోళ్లుంటారండి!"

కనకవల్లి గారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కుడి చేతికి కట్టు.

"రండి. ఏదో కాగితం తెచ్చినట్టున్నారు, చప్పుడైంది. చదవండి, నేను చదువుకోలేను కదా."

నేను రాసిన కాగితాన్ని ఎవరికైనా చదివి వినిపించడం నా సర్వీసులో అదే మొదటిసారి. నిలబడే చదివాను.

"'శ్రోత ఒకరు కార్యక్రమ మధ్యమున, ముందస్తు అనుమతి పొందకుండా, ప్రమాణ స్థాయి నుండి క్రిందికి దిగినారు. తద్వారా నిబంధన ఆరు ఉల్లంఘింపబడినది. ఇట్టి చర్యకు సంజాయిషీ ఏడు దినములలోగా సమర్పించవలెను.'"

ఆవిడ తల కొంచెం పక్కకి వంచి విన్నారు, వార్తలు చదివేవాళ్ల ఉచ్చారణ పరీక్షించినట్టు.

"రాసింది మీరేనా?"

"అవునండీ."

"శుభ్రంగా ఉంది. పడ్డానని మాత్రం ఎక్కడా లేదు."

నాకు చెవులు వేడెక్కాయి. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్ని కాగితాల్లో ఎంతమందిని ఇలా 'దిగినారు' అని రాసి ఉంటానో అనిపించింది. సన్నిబాబు నాకేసి చూడకుండా గోడకేసి చూస్తున్నాడు. అది నాకు మరీ బాధగా ఉంది.

"అమ్మా, ఈ మెమో..." అన్నాను.

"దాని సంగతి తర్వాత. ఆ శ్లాబు ఎందుకు కోస్తున్నారో చెప్పండి. ఆ రూలేదో మొత్తం చదవండి."

ఎనిమిదో నిబంధన నాకు కంఠతా వచ్చు. చెప్పాను. ఆవిడ రెండోసారి చెప్పమన్నారు.

"అయితే సంతకం ఒక్కటే ఉంటే సగటెంత?"

"ఆ ఒక్కరి చెవి ఎత్తేనండీ సగటు."

చెప్పేశాక ఆ మాటకు అర్థం నాకు తెలిసింది. సన్నిబాబుకు నాకంటే ముందే తెలిసినట్టుంది. చెప్పులు వేసుకుంటున్నాడు.

"ఇవాళేగా ఆఖరి రోజు? టైమెంత?" అని ఆవిడ అడిగారు.

"నాలుగూ ఇరవై."

"పదండి. ఈ చెయ్యి పనికిరాదు, ఎడం చేత్తో పెడతాను."

దారిలో ఆవిడ అడుగులు లెక్కపెట్టలేదు. సన్నిబాబు ఒకవైపు, నేనొకవైపు నడిచాం. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగారు. కాలితో మెట్టు అంచు తడుముకుని, మళ్లీ తడుముకుని, అప్పుడు ఎక్కారు. ఆ రోజు పడిన తర్వాత ఆవిడకు భయం పట్టుకుందని నాకప్పుడే తెలిసింది.

రిజిస్టరు నేనే తెరిచి, గీత మీద ఆవిడ వేలు పెట్టించాను. ఎడం చేత్తో వంకర టింకరగా, కానీ పూర్తి పేరు రాశారు. అయిదు గంటలకు నెలవారీ సవరణ కోసం కార్యవర్గం వచ్చేసరికి ఆవిడ మొదటి వరసలో, మధ్య సోఫాలో, పలకలు లేకుండా కూర్చుని ఉన్నారు.

జనార్దనం గారు రిజిస్టరు చూసి ఉలిక్కిపడ్డారు. "ఇదేమిటి? క్రమశిక్షణ చర్యలో ఉన్న సభ్యురాలు..."

"మెమో ఇంకా అందజేయలేదు సార్," అన్నాను. "నకలు మీద సంతకం లేదు. రికార్డు ప్రకారం ఆవిడ మీద ఏ చర్యా లేదు."

దక్షిణామూర్తి గారు శ్లాబు పటం చేత్తో పట్టుకుని అనంతశయనం గారికేసి ఆశగా చూశారు. "ఒక్క మనిషితో సగటు ఏమిటండీ? చెల్లుతుందా?"

అనంతశయనం గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన ఏ తప్పైనా చేస్తారు కానీ రూలు తప్పరు.

"ఒకటితో భాగించడం కంటే శుభ్రమైన భాగహారం లేదు," అన్నారు. "కొలవండి."

జనార్దనం గారు టేపు పట్టారు. కుడి చెవీ ఎడమ చెవీ కలిపి సగటు ముప్పై ఆరున్నర వచ్చింది. ఆ అరంగుళానికి మళ్లీ ఏ దిమ్మెలు పోస్తారో అనుకున్నాను. సన్నిబాబు పెదవి కొరుక్కుంటూ నిలబడ్డాడు.

"సమయం సాయంత్రం అయిదు," అన్నారు అనంతశయనం గారు. "అమ్మా, మధ్యాహ్నం భోజనం చేశారా?"

"చేశానండీ. పప్పూ, బీరకాయ కూర."

"భోజనానంతర తగ్గుదల అరంగుళం తీసెయ్యండి. ముప్పై ఆరు."

ముప్పై ఆరు అంటే ట్వీటరు నేల మీద నిలబడితే ఉండే ఎత్తు. దిమ్మెలు అక్కర్లేదు, గొయ్యి అక్కర్లేదు. దక్షిణామూర్తి గారు పటం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన్ను చూస్తే నాకు నిజంగానే జాలి వేసింది.

ఒకటో తారీఖున సన్నిబాబు శ్లాబు యంత్రం లేకుండా వచ్చాడు. నలుగురు పట్టి స్పీకర్లను దించారు, దిమ్మెలను బయటికి దొర్లించారు. ఎడమ స్పీకరు నేల మీద నిలబెట్టగానే మళ్లీ ఊగింది. అతను గొంతుక్కూర్చుని, స్పానరు చేతిలో పట్టుకుని, తలెత్తి జనార్దనం గారికేసి చూశాడు.

"తిప్పమంటారా?"

"ఉత్తర్వు ఉంది. తిప్పు."

నాలుగు చుట్లు తిప్పాడు. నెత్తిన చెయ్యి పెట్టి నొక్కాడు. కదల్లేదు. వడ్రంగుల రసమట్టం ఒకటి జేబులోంచి తీసి పైన పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా కుడి స్పీకరు కాలు కూడా కొంచెం సవరించాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది. 'శబ్ద సమతల ఉపసంఘం మూడు నెలల అవిరళ కృషి ఫలించినది' అని మినిట్స్‌లో రాశాను. మెమో మీద 'సంజాయిషీ అందినది, సంతృప్తికరము' అని రాసి ఫైలు మూసేశాను. ఎవరు ఎవరికి ఇచ్చారో రాయలేదు.

ఆ శనివారం కనకవల్లి గారొక్కరే వచ్చి, డిసెంబరు పేజీలో ఎడం చేత్తో సంతకం పెట్టి విన్నారు. ఏమైనా చెబుతారేమోనని సన్నిబాబూ నేనూ వెనక నిలబడ్డాం. అరగంట గడిచింది. మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం వచ్చినప్పుడు ఆవిడ ముఖం ఎడమ పక్కకి తిప్పి, తెలిసిన మనిషి వచ్చి కూర్చుంటే పలకరించినట్టు, తల చిన్నగా ఆడించారు. సన్నిబాబు స్పానరు సంచిలో వేసుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

తర్వాతి వారం నరహరి గారొచ్చారు. రిజిస్టరు మీద చెయ్యి పెట్టబోతుంటే ఆపి సంగతి చెప్పాను. ఆయన ఒక్క సంతకం పెడితే నెలాఖరుకు సగటు మూడంగుళాలు పైకి లేస్తుంది, దిమ్మెలు మళ్లీ లోపలికొస్తాయి. ఆయన పోలీసు శాఖవారు కనుక వెంటనే అర్థం చేసుకున్నారు. ఆయన ద్వారా కాలనీ అంతటికీ అర్థమైంది. జనం వస్తున్నారు, కూర్చుంటున్నారు, వింటున్నారు. ఎవరూ సంతకం పెట్టరు. అనంతశయనం గారు కూడా వెనక వరసలోకి వచ్చారు, వచ్చేటప్పుడు కలం ఇంట్లో పెట్టి వచ్చానని నాతో చెప్పారు.

డిసెంబరు మూడో శనివారం దక్షిణామూర్తి గారు వచ్చారు. శాలువా కప్పుకుని, పర్యవేక్షణకు కాకుండా వినడానికే వచ్చినట్టు మెల్లగా వచ్చారు. గది నిండిపోయి ఉంది. అలవాటు కొద్దీ రిజిస్టరు దగ్గర ఆగి, జేబులోంచి కలం తీసి, మూత విప్పారు.

"సార్, వద్దు!" అని నలభైమందీ ఒక్కసారే అరిచారు.

ఆయన కలం గాల్లో ఆగిపోయింది. ముప్పై ఆరేళ్లు ముందుకొచ్చిన ప్రతి కాగితం మీదా సంతకం పెట్టిన మనిషి. పేజీలో ఉన్న ఒకే ఒక్క వంకర సంతకాన్ని చూశారు, ముందు వరసలో ఉన్న కనకవల్లి గారి తలకేసి చూశారు. కలానికి మూత పెట్టారు. సోఫాలు ఖాళీ లేవు. గోడ పక్కన చాప ఒకటి కనిపిస్తే దాని మీద బాసింపట్టు వేసుకుని, చివరిదాకా కూర్చున్నారు.

ఆ సాయంత్రం మినిట్స్‌లో 'హాజరు: ఒకరు' అని రాశాను. అధ్యక్షులు చదివి, కింద సంతకం చేశారు.